వర్చువల్ మెషీన్ల లెక్క సరిచూసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇన్వెంటరీ, అంటే సంస్థలోని కంప్యూటర్ల జాబితా, చూసే బాధ్యత నీ చేతికి వచ్చిందనీ, నెట్‌వర్క్‌లోని యంత్రాలను వెతికే మొదటి స్కాన్‌లోనే ఉన్న సర్వర్ల కంటే ఎక్కువ రికార్డులు కనిపించాయనీ రాశావు. వాటిలో ఒక్కదాన్ని కూడా ఇప్పుడే తుడిచివేయకు. అది ఎందుకు పుట్టిందో ముందు తెలుసుకో.

నెట్‌వర్క్ వైపు నుంచి స్కానర్‌కు దొరికే తొలి ఆనవాలు మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్ అడాప్టర్‌కు ఉండే గుర్తింపు సంఖ్య. దానిలోని మొదటి మూడు జతలను స్కానర్ చూస్తుంది. 00:50:56 ఉంటే వీఎంవేర్ అనీ, 08:00:27 ఉంటే వర్చువల్‌బాక్స్ అనీ, 52:54:00 ఉంటే కేవీఎం అనీ అది ఊహిస్తుంది. ఈ మూడూ ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తోనే మరో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే సాధనాలు. ఆ ఊహను తీర్పుగా తీసుకోవద్దు. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ పెట్టుకున్న కంప్యూటర్‌లో వీఎంనెట్8 అనే అడాప్టర్ ఏర్పడుతుంది. దాని మ్యాక్ అడ్రస్ ఏ కంప్యూటర్‌లో చూసినా మామూలుగా ఒకటే కనుక, మ్యాక్‌ను బట్టి జతపరిచే టూల్ పదిమంది ల్యాప్‌టాప్‌లను ఒకే యంత్రంగా కలిపేసి, పైగా దాన్ని వర్చువల్ అని రాసుకునే అవకాశం ఉంది.

లాగిన్ వివరాలిచ్చి స్కాన్ చేయిస్తే తయారీదారు, మోడల్ పేర్లు తెలుస్తాయి. రెండింటినీ కలిపే చదవాలి. మైక్రోసాఫ్ట్ వారి అలాంటి సాధనమే అయిన హైపర్-వీ మీద నడిచే వర్చువల్ మెషీన్, వారి సర్ఫేస్ ల్యాప్‌టాప్ రెండూ తయారీదారు మైక్రోసాఫ్ట్ అనే చెబుతాయి. తేడా మోడల్ గడిలోనే తెలుస్తుంది.

ఇక డూప్లికేట్లు. ఒకే మెషీన్‌ను వీఎంవేర్ మెషీన్లన్నిటినీ నిర్వహించే వీసెంటర్ ఒక వైపు నుంచి, మెషీన్ లోపల నడుస్తూ వివరాలు పంపే చిన్న ప్రోగ్రామ్ అయిన ఏజెంట్ మరో వైపు నుంచి చూడటం వల్లనే చాలావరకు ఇవి పుడతాయి. రెంటినీ కలపవలసినది బయాస్ యూయూఐడీ, అంటే మెషీన్ బయాస్‌లో ఉండే గుర్తింపు సంఖ్య. అయితే దాని 16 బైట్లలో మొదటి 8 బైట్లు మూడు భాగాలు. ఆ భాగాల్లో బైట్ల వరుసను కొన్ని టూల్స్ తిరగేసి చూపిస్తాయి. చివరి సగం అక్షరం పొల్లుపోకుండా సరిపోయి, మొదటి సగం వేరుగా కనిపిస్తే, తిరగేసి పోల్చి చూడు.

దీనికి ఎదురుగా ఉన్నదే నాకు ఎక్కువ భయం. టెంప్లేట్ అనే నమూనా మెషీన్ నుంచి నకళ్లు తీయడమే క్లోన్ చేయడం. అలా చేసేటప్పుడు శుభ్రపరచని టెంప్లేట్ నుంచి వచ్చిన లినక్స్ సర్వర్లన్నీ ఒకే మెషీన్-ఐడీని, అంటే లినక్స్ తనకు తాను పెట్టుకునే గుర్తింపును, మోస్తాయి. నేను పనిచేసిన ఒకచోట అలాంటి రెండు సర్వర్లను టూల్ కలిపేయగా, ఒకదాని వివరాలు మరొకదాని మీద పడుతూ వచ్చాయి. రెండో సర్వర్ చాలాకాలం ప్యాచ్‌లు, అంటే లోపాలను సరిచేసే అప్‌డేట్లు, వేయవలసిన జాబితాలోకే రాలేదు. ఒకటి రెండుగా కనిపిస్తే ఎవరో ఒకరు అడుగుతారు. రెండు ఒకటైపోతే అడిగేవారే ఉండరు. అందుకే ఒక్క గుర్తింపునే నమ్మకు. యూయూఐడీతో పాటు హోస్ట్ పేరో, అసలు అడాప్టర్ మ్యాకో కూడా సరిపోతేనే ఆటోమేటిక్‌గా కలపనివ్వు. మిగిలినవి మనిషి చూడాలి. ఖాళీ సీరియల్ నంబర్లను, తయారీదారు నింపకుండా వదిలేసిన వాటిని పోలికలోంచి తీసేయి. ఐపీ అడ్రస్‌లను తానే పంచి ఇచ్చే డీహెచ్‌సీపీ ఉన్నచోట అవి మారుతుంటాయి కనుక ఐపీ అడ్రస్‌ను అసలు లెక్కలోకి తీసుకోకు.

స్కాన్‌కు పలకని మెషీన్ పోయినట్టు కాదు. ఆపి ఉంచిన వర్చువల్ మెషీన్ వీసెంటర్‌లో ఇంకా ఉంటుంది. అక్కడ కూడా లేదని తేలాకే రికార్డును వాడుకలోంచి తీసేసినట్టు నమోదు చేయి.

ఈ వారంలో యూయూఐడీ ఒకటే ఉండి పేర్లు వేరుగా ఉన్న రికార్డుల జాబితా తీసి నాకు పంపు. ఇద్దరం కలిసి చూద్దాం.