ఫారాలు పంపకు, పక్కన కూర్చో

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ సంస్థలో డేటా రక్షణ టీమ్‌ను నిలబెట్టే పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషించానో అంత గుబులూ పుట్టింది. ఈ పని సవ్యంగా సాగినన్నాళ్లూ ఎవరికీ కనబడదు. ఏదైనా జరిగిన రోజున అందరూ నీవైపే చూస్తారు.

ముందు డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్, అంటే మనుషుల వివరాలను సంస్థ సరిగ్గా వాడుతోందా అని తనిఖీ చేసే మనిషి, ఎవరో తేల్చండి. ఐటీ హెడ్‌కో, సెక్యూరిటీ హెడ్‌కో అదనపు బాధ్యతగా తగిలించనివ్వకు. డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే మనిషే దాన్ని తనిఖీ కూడా చేస్తే ఇక ఆ తనిఖీకి అర్థం లేదు. ఐరోపా యూనియన్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ఉంది చూడు, దాని 38వ అధికరణం దీన్ని ఒప్పుకోదు. 2020లో బెల్జియం డేటా రక్షణ నియంత్రణ సంస్థ ఒక కంపెనీకి 50,000 యూరోల జరిమానా వేసింది ఇందుకే. అక్కడ ఆ ఆఫీసరే ఆడిట్, రిస్క్, కంప్లయన్స్ (నిబంధనల అమలు చూసే) విభాగాలకు కూడా అధిపతి. ఆఫీసర్ నేరుగా పై యాజమాన్యానికే చెప్పుకోగలగాలి. మధ్యలో ఇంకో మేనేజర్ ఉంటే చేదు మాట పైకి చేరేలోపు తీపైపోతుంది.

కేంద్ర టీమ్ చిన్నదైనా నడుస్తుంది: ఆఫీసర్, చట్టం తెలిసినవారొకరు, సిస్టమ్స్ లోతు తెలిసిన ఇంజనీరొకరు, రికార్డులు చూసేవారొకరు. పైన మూడు నెలలకోసారి కూర్చునే కమిటీ. డబ్బు మంజూరు చేయగలవారు, ప్రాజెక్టును ఆపగలవారు అందులో ఉండాలి.

ఇక అసలు గొయ్యి గురించి చెబుతాను. ఈ రంగంలో ఇది పాత తప్పే, అయినా కొత్త టీములన్నీ ఇందులోనే పడతాయి. "మీ దగ్గరున్న వ్యక్తిగత డేటా రాయండి" అంటూ విభాగాలన్నిటికీ ఎక్సెల్ షీట్ పంపి, రెండు వారాల గడువిస్తారు. విభాగాధిపతికి తీరిక ఉండదు, నిన్నగాక మొన్న చేరిన కుర్రాడికి అప్పజెబుతాడు. అతను "పేరు, ఫోన్, ఈమెయిల్, హెచ్‌ఆర్ సిస్టమ్" అని నింపి పంపేస్తాడు. ఆ షీట్లన్నీ కలిపి డేటా రిజిస్టర్ ముచ్చటగా తయారవుతుంది, ఆడిటర్ తలూపుతాడు.

నెలాఖరున జీతాల సీట్లో జరిగేది వేరు. సిస్టమ్‌లోంచి అందరి వివరాలూ ఒక ఫైల్లోకి దింపుతారు. అందులో బ్యాంకు ఖాతా నంబర్లుంటాయి, సెలవు కారణాల కాలమ్‌లో జబ్బుల పేర్లుంటాయి. ఫైలు పేరు చివర "ఫైనల్", దిద్దాక "ఫైనల్ 2". అది మెయిల్లో వెండర్‌కు, అంటే పని చేసిపెట్టే బయటి కంపెనీకి వెళ్తుంది. పోయిన నెలలవన్నీ ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడి ఉంటాయి. ఈ ఫైళ్ల ఊసు రిజిస్టర్‌లో లేదు కనుక వాటిని ఎప్పుడు తుడవాలో గడువు లేదు. ల్యాప్‌టాప్ పోతే ఎవరెవరి వివరాలు పోయాయో చెప్పగలవారూ లేరు. మానేసిన ఉద్యోగి "నా వివరాలు తీసేయండి" అని రాస్తే, ఉంచక తప్పనివి మినహాయించి సిస్టమ్‌లో తీసేసి "అయిపోయింది" అని జవాబిస్తారు. ఆ జవాబు అబద్ధమని రాసినవారికే తెలియదు.

అందుకే ఫారాలు పంపకు, తల్లీ. వెళ్లి పక్కన కూర్చో. ఒక పనిని మొదట్నుంచి చివరిదాకా వాళ్లు చేస్తుంటే చూడు. ఇది ఎక్కడ్నుంచి దింపారు, ఎవరికి పంపారు, పోయిన నెలది ఎక్కడుంది అని అడుగు. ఒక్కో పనికి గంటన్నర పెట్టుకో. జీతాలు, నియామకాలు, కస్టమర్ ఫిర్యాదులు, మార్కెటింగ్ జాబితాలు ముందు చూడు. నిలదీసినట్టు మాత్రం అడగకు. బెదిరిపోతే ఫైలు నీకు చూపించరు, నువ్వు వెళ్లిపోయాక వాడుకుంటారు. చిన్నప్పట్నుంచీ నీది కాస్త దురుసు నోరు, అందుకే మరీ చెబుతున్నాను.

అలా కూర్చున్నప్పుడే ప్రతి విభాగంలో నీ మనిషెవరో తెలిసిపోతుంది. ఆ మనిషికి వారానికి అరపూట ఈ పనికే అని రాతపూర్వకంగా ఇప్పించు. ఆ మేరకు పాత పని తగ్గించాలి, ఏడాది మదింపులో ఇదీ లెక్కలోకి రావాలి. ఉత్త పేరుకు వేస్తే మూడో మీటింగ్‌కే రావడం మానేస్తారు.

వెండర్ల ఒప్పందాలు తిరగేయించు. శిక్షణ ఏడాదికోసారి అందరికీ ఒకే వీడియోతో సరిపెట్టకు, సీటును బట్టి ఇవ్వాలి.

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం లీకు సంగతి. జీడీపీఆర్ కింద, వ్యక్తులకు ముప్పు ఉండే అవకాశమే లేదనుకుంటే తప్ప, తెలిసిన 72 గంటల్లో నియంత్రణ సంస్థకు చెప్పాలి. శని, ఆదివారాలు కూడా ఆ లెక్కలోవే. వివరాలన్నీ దొరికేదాకా ఆగక్కర్లేదు, తెలిసినంత ముందు చెప్పి మిగతాది తర్వాత చేర్చవచ్చు. వెండర్ 24 గంటల్లో నీకు చెప్పాలని ఒప్పందంలో రాయించు. తప్పు మెయిల్ పంపానని తనంతట తాను చెప్పినవారిని ఎవరూ తిట్టకుండా చూడు. ఒకరిని తిట్టారంటే తర్వాతివారు సోమవారం దాకా నోరు విప్పరు.

ఆరు నెలలకోసారి ఉత్తుత్తి లీకు ఒకటి పెట్టి చూడు, శుక్రవారం సాయంత్రం. ఎవరు ఫోన్ ఎత్తలేదో, ఏ నంబరు మారిపోయిందో రాసుకో. ఆ పిలుపుల జాబితాలో నీ పేరు కింద రెండో పేరు తప్పకుండా ఉండాలి. రోజూ రాత్రి ఫోన్ దిండు పక్కన పెట్టుకుని నువ్వొక్కదానివే మేలుకుంటానంటే నేను ఒప్పుకోను. ఆ రెండో మనిషి కుదిరాక నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ బాబాయి