రీజెన్సీ కాలపు (1811–1820 నాటి ఇంగ్లండు) ప్రేమ నవలికల్లో, మరొకరిపై మనసు పడ్డ నాయకుడు నిశ్చితార్థం ఎందుకు రద్దు చేసుకోడు?

అది మొహమాటం కాదు, చట్టం. ఆనాటి ఇంగ్లండులో పెళ్లిమాట ఇచ్చి తప్పిన మగవాడిపై అమ్మాయి నష్టపరిహారం దావా వేయవచ్చు. పరువు ఎలాగూ పోతుంది. అమ్మాయే కాదంటే లోకం కాస్త సర్దుకునేది. అందుకే కథలో ముడి విప్పేది సాధారణంగా ఆమే.

లేచిపోవడమూ సులువు కాదు. 1754 నుంచి అమలైన చట్టం ప్రకారం చర్చిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవాలి, లేదా లైసెన్సు తీసుకోవాలి. 21 ఏళ్లు నిండనివారి లైసెన్సుకు తండ్రి సమ్మతి తప్పనిసరి. స్కాట్లండుకు ఈ చట్టం వర్తించదు కనుక జంటలు సరిహద్దు ఊరు గ్రెట్నా గ్రీన్‌కు పరుగెత్తేవి. లండన్ నుంచి అది 300 మైళ్లకు పైనే. గుర్రపు బండిలో రాత్రికి రాత్రే చేర్చేశారంటే రచయిత మ్యాపు చూడలేదన్నమాట!