చూపు లేనివాళ్లు, పెద్దవాళ్లు కూడా వాడుకోగలిగే తెలుగు వెబ్‌సైటు ఎలా కట్టాలి?

ప్రశ్న: అనంతపురం దగ్గర ఒక రైతు సంఘానికి వెబ్‌సైటు చేస్తున్నాను. మార్కెట్ ధరలు, విత్తనాల నోటీసులు, సభ్యత్వ ఫారం ఉంటాయి. చూపు లేనివాళ్లు, చదువు తక్కువున్న పెద్దవాళ్లు కూడా వాడుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: రంగులు, మెనూల కంటే ముందు అక్షరాల సంగతి చూడండి. తెలుగు సైట్లలో ఎక్కువ పాడయ్యేది అక్కడే.

నోటీసులు చాలావరకు డీటీపీ సెంటర్ నుంచి 'అను' అనే పాత తరహా ఫాంట్లలో వస్తాయి. కంటికి తెలుగే కనిపిస్తుంది, లోపల ఉండేవి మాత్రం ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్‌లు. స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదివేది ఆ కోడ్‌నే కాబట్టి వినేవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాదు. ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూడండి. తెలుగు రాకపోతే, అన్ని ఫోన్లూ తెలుగును తెలుగుగానే గుర్తించే కోడ్ అయిన యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. కన్వర్టర్‌తో మార్చాక వత్తులు, అంకెలు ఒక మనిషి కూర్చుని సరిచూడాలి. యూనికోడ్‌లో తయారైన పీడీఎఫ్‌లో కూడా కాపీ చేస్తే వత్తులు చెదిరిపోతుంటాయి. అందుకే నోటీసు మొత్తం పేజీలోనే టెక్స్ట్‌గా పెట్టి, పీడీఎఫ్‌ను డౌన్‌లోడ్‌కు మాత్రం ఉంచండి. కాగితాన్ని ఫోటో తీసి అలాగే ఎక్కించడం మాత్రం వద్దే వద్దు.

తర్వాత హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష తెలుగు అని లాంగ్ విలువ (lang="te") ఇవ్వండి. ఇది మరిచిపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతోనే తెలుగు చదవబోయి తడబడుతుంది.

ఇంగ్లీషు సైటు టెంప్లేట్ తెచ్చి తెలుగు పోస్తే వచ్చే చిక్కు ఇంకొకటి. "రాష్ట్రం" అనే మాట చూడండి: ష కింద ట వత్తు, దానితోపాటు ర వత్తు. బటన్ ఎత్తును పిక్సెళ్లలో బిగించి ఓవర్‌ఫ్లో దాచేస్తే ఆ వత్తులు తెగిపోయి "రాషం" మిగులుతుంది. ఎత్తు బిగించకుండా కనీస ఎత్తు, ప్యాడింగ్ ఇవ్వండి. లైన్ హైట్ 1.6కు తగ్గనీయకండి, అక్షరం 18 పిక్సెళ్లు ఉంచండి. లెటర్ స్పేసింగ్ జోలికి పోవద్దు. వేళ్లతో పెద్దది చేసుకోకుండా జూమ్ ఆపేసే వ్యూపోర్ట్ సెట్టింగ్ ఉంటే తీసేయండి.

వెబ్‌సైట్లు అందరూ వాడుకోగలిగేలా ఉండడానికి పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ ప్రకారం మామూలు అక్షరానికి, వెనక రంగుకు వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. తెల్లటి పేజీ మీద #777777 బూడిదరంగు 4.48 దగ్గర ఆగి తప్పుతుంది, #767676 గట్టెక్కుతుంది. ఎండలో పొలం గట్టున ఫోన్ చూసేవాళ్లకు ఇదీ చాలదు, ఇంకా ముదురు రంగు పెట్టండి. నొక్కే చోటు కనీసం 24×24 పిక్సెళ్లని 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 వెర్షన్ చెబుతుంది. నా మాట వింటే 44 ఇవ్వండి. పైన పరుగెత్తే స్క్రోలింగ్ వార్తలు తీసేయండి. ఉండి తీరాలంటే ఆపే బటన్ పెట్టండి.

ధరల పట్టికలో తలవరుసను టీహెచ్ ట్యాగులతో రాయాలి. అది లేకపోతే వినేవాళ్లకు వరుసగా అంకెలు వినిపిస్తాయే గానీ ఏది కనిష్ఠ ధరో, ఏది గరిష్ఠమో తెలీదు. వెతుకులాటలో వేరుశనగ, శెనక్కాయ, బుడ్డలు, పల్లీలు అన్నీ ఒకే పేజీకి చేరాలి. ఎవరి నోట ఏ మాట వస్తే అదే టైపు చేస్తారు కదా!

ఫారంలో ప్రతి గడికీ పైన కనిపించే లేబుల్ ఉండాలి. గడి లోపల లేతగా కనిపించే ప్లేస్‌హోల్డర్ మాట టైపు చేయగానే మాయమవుతుంది, పెద్దవాళ్లు ఏం అడిగారో మరిచిపోతారు. తప్పు జరిగితే గడిని ఎర్రగా చేసి వదిలేయకండి. "ఫోన్ నంబరులో 10 అంకెలు ఉండాలి, 9 ఉన్నాయి" అని రాయండి. సంఘం ఫోన్ నంబరు ప్రతి పేజీలో ఒకే చోట ఉండనివ్వండి.

అంతా అయ్యాక ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు వాయిస్ దించుకుని, సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ అయిన టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. కళ్లు మూసుకుని కుడికి స్వైప్ చేస్తూ ఇవాళ్టి ధర దాకా వెళ్లండి, తెరవడానికి రెండుసార్లు తట్టాలి. ఎన్ని స్వైప్‌లు పట్టాయో లెక్కపెట్టండి. మెనూ అంతా దాటుకుంటూ 30 దాకా పోతే, పేజీ మొట్టమొదట "నేరుగా ధరలకు" అనే లింకు పెట్టి మళ్లీ లెక్కపెట్టండి.