కిన్సెన్యేరా మన ఓణీల ఫంక్షన్ లాంటిదేనా?

మీ అమ్మాయి స్నేహితురాలి కిన్సెన్యేరాకి, అంటే మెక్సికన్ల ఇళ్ళలో అమ్మాయికి పదిహేనేళ్ళు నిండినప్పుడు చేసే వేడుకకి, పిలుపు వచ్చిందనీ, అది మన ఓణీల ఫంక్షన్ లాంటిదేనా, అంత ఖర్చు ఎందుకు పెడతారనీ అడిగారు. మేం టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. మా కింది ఫ్లాట్‌లో చాలాకాలం ఒక మెక్సికన్ కుటుంబం ఉండేది. వాళ్ళ పెద్దమ్మాయి కిన్సెన్యేరాని మొదటి నుంచీ దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

పట్టు లంగా బదులు పెద్ద గౌను, నెత్తిన కిరీటం, ఊరంతా భోజనాలు చూస్తే మన ఫంక్షనే గుర్తొస్తుంది. కానీ మన వేడుకకి మూలం పిల్ల పెద్దమనిషి కావడం. వాళ్ళకి ఆ లెక్క లేదు, 15 ఏళ్ళు నిండటమే లెక్క. కిన్సే అంటే స్పానిష్‌లో పదిహేను. ముందు చర్చిలో దివ్యబలిపూజ, మరియమాత పాదాల దగ్గర పూలగుత్తి. తర్వాత హాల్లో వాల్స్ నృత్యం, విందు. ఆ నృత్యం కోసం ఆరు జంటల పిల్లలు మా పార్కింగ్ స్థలంలో మూడు నెలలు ప్రాక్టీస్ చేశారు.

ఖర్చంతా తండ్రి ఒక్కడి నెత్తిన పడదు. కిరీటం ఒకరు, గౌను ఒకరు, డీజే ఒకరు పెట్టుకుంటారు. వాళ్ళని పద్రీనోలు, మద్రీనాలు అంటారు. ఒక సాయంత్రం వాళ్ళమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి, కేకు మీరు పెడతారా అని అడిగారు. సాయం కోసం వచ్చినట్టు లేదు, చుట్టరికం కలుపుకోవడానికి వచ్చినట్టుంది. మూడు రకాల పాలలో నానబెట్టే త్రెస్ లేచెస్ కేకు మా వంతు అయింది.

ఆ మాట అడిగింది తల్లి, మాకు ఇంగ్లిష్‌లో చెప్పింది మాత్రం ఆ పిల్ల. ఆ ఇంట్లో అన్నిటికీ దుబాసీ తనే. అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి వచ్చే నోటీసులు, కరెంటు బిల్లు, తమ్ముడి టీచర్‌తో మీటింగ్ అన్నీ తనే చూసుకునేది. తనకి పన్నెండేళ్ళప్పుడు వాళ్ళమ్మకి స్కానింగ్ చేసి, గర్భసంచిలో గడ్డ ఉందని డాక్టర్ చెబితే, ఆ మాట తల్లికి చెప్పింది కూడా తనే. అలాంటి పని పిల్లల మీద పెట్టకూడదు, దుబాసీని ఆసుపత్రే ఏర్పాటు చేయాలి. ఆరోజు ఎవరూ చేయలేదు. "గడ్డ అనే మాటకి స్పానిష్‌లో ఏమంటారో నాకు అప్పుడు తెలీదు ఆంటీ, చేత్తో చూపించాను" అని తర్వాత నాతో చెప్పింది. ఆ మాట నేనింకా మర్చిపోలేదు.

తను అమెరికాలో పుట్టింది, అమ్మానాన్నలకి కాగితాలు లేవు. 21 నిండితేనే వాళ్ళ గ్రీన్‌కార్డు కోసం దరఖాస్తు పెట్టగలదు. వీసా లేకుండా సరిహద్దు దాటినవాళ్ళకి అదీ తేలిగ్గా కుదరదు. ఇవన్నీ ఆ పిల్లకి కంఠతా వచ్చు. మెక్సికోలోని గ్వానహ్వాతోలో ఉన్న నాన్నమ్మ కిన్సెన్యేరాని వీడియో కాల్‌లోనే చూసింది.

ఇంక మీరు తప్పకుండా చూడాల్సింది చెప్పులు మార్చడం. హాలు మధ్యలో కుర్చీ వేసి, చిన్న దిండు మీద తెల్లటి హీల్స్ పెట్టి తెచ్చారు. కూతురి కాళ్ళకున్న మామూలు చెప్పులు తీసి తండ్రి వాటిని తొడగాలి. ఆయన ఎండలో ఇళ్ళ కప్పులు వేసే మనిషి. వేళ్ళు మొద్దుబారిపోయి ఉన్నాయి. ఆ బకిల్ చిటికెనవేలి గోరంత కూడా లేదు. రెండుసార్లు జారిపోయింది. పిల్ల అలవాటు కొద్దీ చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆయన పెట్టేదాకా అలాగే కూర్చుంది. మూడోసారికి పడింది. ఆయన వెంటనే లేవలేదు, ఆ పాదాన్ని అరచేతిలో పట్టుకుని "మిహా" అన్నారు. మనం "తల్లీ" అంటామే, అలా.

ఎందుకంత ఖర్చు అన్న మీ ప్రశ్నకి నా జవాబు అదే. ఇన్నేళ్ళూ ఇంటి బరువు మోసిన పిల్ల ఆ ఒక్కరోజు ఏ పనీ చేయకుండా కూర్చుంది.

మీరు చర్చికి కూడా వెళ్ళండి, చాలామంది నేరుగా హాలుకే వస్తారు. పట్టుచీర కట్టుకోవచ్చు, నేను అలాగే వెళ్ళాను. కవర్లో డబ్బు పెట్టి ఇస్తే సరిపోతుంది. హాలుకి మాత్రం ఆలస్యంగా వెళ్ళకండి, చెప్పులు మార్చే ఘట్టం భోజనాలకి ముందే అయిపోవచ్చు.