హోల్బైన్ బొమ్మ చూసి హెన్రీ నిజంగా మోసపోయాడా?

ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ, జర్మనీ ప్రాంతంలోని క్లీవ్స్ అనే చిన్న రాజ్యపు రాకుమారి యాన్ బొమ్మ చూసి పెళ్లికి సరేనన్నాడు, మనిషిని చూశాక నచ్చలేదన్నాడు, తప్పంతా బొమ్మ వేసిన హోల్బైన్‌దే అంటారు కదా, ఇది నిజమా? అసలు ఆ కాలపు ఆస్థాన చిత్రాల్లో ముఖాల్ని నమ్మొచ్చా? ఇదీ మీ ప్రశ్న.

నమ్మొచ్చు. హోల్బైన్ అబద్ధం వేయలేదు. ఈ మాట నేను ఎందుకు గట్టిగా అంటున్నానో చెప్పాలంటే ముందు మా నాన్నగారి స్టూడియో గురించి చెప్పాలి.

నేను కళా చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారికి తెనాలిలో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిచూపుల ఫోటోలకు ఆయన దగ్గరికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఇస్తే మగపెళ్లివారు ఒప్పుకునేవారు కాదు, ఫుల్ ఫోటో కావాల్సిందే. ఎత్తు తెలియాలి, నిలబడే తీరు తెలియాలి. ఫోటో తీశాక నాన్నగారు నెగటివ్‌ను ఏటవాలు బల్ల మీద గాజుకు ఆనించి, కింద అద్దం పెట్టి వెలుతురు పైకి వచ్చేలా చేసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీది మచ్చల్ని చుక్క చుక్కగా నింపేవారు. ఒకసారి ఒక పిల్ల తల్లిదండ్రులు మరీ బతిమాలితే రంగు కొంచెం ఎక్కువగానే తేల్చారు. ఆ సంబంధం పెళ్లిచూపుల రోజే చెడిపోయింది, వాళ్లు స్టూడియోకి వచ్చి గొడవ పెట్టుకున్నారు. ఆ పిల్ల మాత్రం గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడింది. నాన్నగారు ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ తర్వాత ఆయనకు ఒకటే నియమం: "మొటిమ వారంలో పోతుంది, దాన్ని తీసేయొచ్చు. ముక్కు పోదు, దాన్ని ముట్టుకోకూడదు."

ఇప్పుడు నేను లండన్‌లో ఉంటున్నాను. నేషనల్ గ్యాలరీలో మొదటిసారి హోల్బైన్ వేసిన డెన్మార్క్ రాకుమారి క్రిస్టినా చిత్రం ముందు నిలబడినప్పుడు నాకు ఠక్కున గుర్తొచ్చింది మా స్టూడియోనే. అది అచ్చంగా పెళ్లిచూపుల ఫుల్ ఫోటో! బొమ్మ ఎత్తు దాదాపు 179 సెంటీమీటర్లు, అంటే మనిషంత మనిషి మన ఎదురుగా నిలబడినట్టే ఉంటుంది.

దాని వెనక కథ ఇది. 1537లో హెన్రీ మూడో భార్య జేన్ సీమోర్ పురిటి తర్వాత చనిపోయింది. మళ్లీ సంబంధాలు వెతకడం మొదలైంది. మిలాన్ డ్యూక్‌ను చేసుకుని చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న క్రిస్టినా అప్పుడు బ్రస్సెల్స్‌లో ఉంది, వయసు పదహారు. అక్కడి ఇంగ్లండ్ రాయబారి జాన్ హటన్ ఆమె చాలా పొడగరి అని, నవ్వితే రెండు బుగ్గల మీదా గడ్డం మీదా సొట్టలు పడతాయని ఉత్తరం రాశాడు. మన పెళ్లిళ్ల పేరయ్యలు చెప్పినట్టే లేదూ? అంతటితో ఆగక వేరే చిత్రకారుడి చేత బొమ్మ కూడా వేయించి పంపించాడు. ఈలోగా హోల్బైన్ వచ్చాడు. 1538 మార్చి 12న క్రిస్టినా అతని ఎదుట నిలబడింది మూడంటే మూడు గంటలు. అతను గీసింది చూసి హటన్ తన పాత బొమ్మను వెనక్కి తెప్పించడానికి మనిషిని పరుగెత్తించాడు. దీని పక్కన అది అలికేసినట్టుందని రాశాడు!

మూడు గంటల్లో అంత పెద్ద తైలవర్ణ చిత్రం పూర్తవదు కదా అనొచ్చు. నిజమే, ఆ మూడు గంటల్లో గీసేది రేఖాచిత్రం మాత్రమే, రంగులు తర్వాత. ఈ పద్ధతి ఎలా ఉండేదో నాకు 2023 చివర్లో అర్థమైంది. బకింగ్‌హామ్ ప్యాలెస్ పక్కనున్న గ్యాలరీలో హోల్బైన్ రేఖాచిత్రాల ప్రదర్శన పెట్టారు. ఎక్కువ కాగితాలకు ముందే లేత గులాబీ పూత ఉంది. అంటే చర్మం రంగు సగం సిద్ధంగా ఉన్నట్టే. దాని మీద రంగు సుద్దలతో ముఖం, సిరాతో కనురెప్పల గీత, పెదవుల మధ్య గీత. బట్టలు పైపైన గీసి వదిలేసి, ఏది వెల్వెటో ఏది శాటినో, ఏ రంగో తన జర్మన్‌లో రాసుకునేవాడు. బట్టను తర్వాతైనా తెప్పించుకుని చూడొచ్చు, ముఖం మళ్లీ దొరకదు. ఉన్న కాస్త సమయాన్నీ ముఖం మీదే పెట్టాడన్నమాట. ఒకావిడ కింది పెదవి దగ్గర గీత ఒకటి ఉంది, అంగుళం కూడా లేదు. ఆ ఒక్క గీతలో ఆమెకు అక్కడ కూర్చోవడం ఎంత విసుగ్గా ఉందో కనిపిస్తోంది. నేను ఆ కాగితం దగ్గర చాలాసేపు ఉండిపోయాను.

అసలు ఇంగ్లండ్‌కు రావడానికి కూడా కారణం ఉంది. హోల్బైన్ పుట్టింది జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో, స్థిరపడింది స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో. మత సంస్కరణల హోరులో 1529లో బాసెల్ జనం చర్చిల్లోని బొమ్మల్ని పగలగొట్టారు. చర్చి పనులే ఆధారంగా బతికే చిత్రకారులకు ఇక మిగిలింది మనుషుల ముఖాలే. 1532లో అతను రెండోసారి లండన్ వచ్చాడు, తర్వాత రాజు కొలువులో ఏడాదికి 30 పౌన్ల జీతానికి కుదిరాడు.

పెళ్లి కోసం చిత్రకారుణ్ణి పంపడం హెన్రీతో మొదలైంది కాదు. అంతకు వందేళ్ల ముందే, 1428లో, బర్గండీ డ్యూక్ ఫిలిప్ తన చిత్రకారుడు యాన్ వాన్ ఐక్‌ను పోర్చుగల్ పంపాడు. వాన్ ఐక్ రాకుమారి ఇసబెల్లా బొమ్మలు రెండు వేసి, దారిలో పోతాయేమోనన్న భయంతో ఒకటి సముద్రం మీద, ఒకటి నేల మీద పంపించాడు. ఆ పెళ్లి జరిగింది. బొమ్మలు మాత్రం ఇప్పుడు లేవు.

ఇక మీరు అడిగిన క్లీవ్స్ రాకుమారి యాన్ సంగతి. 1539 వేసవిలో హోల్బైన్ జర్మనీలోని డ్యూరెన్ వెళ్లి ఆమెనూ, చెల్లెలు అమాలియానూ గీశాడు. అంతకు ముందు అక్కడికెళ్లిన రాయబారులకు ఆ పిల్లల్ని సరిగా చూసే వీలే దొరకలేదు. ఆ బరువు బట్టల్లో ముఖం సగమే కనిపిస్తోందని వాళ్లంటే, అక్కడి మంత్రికి కోపం వచ్చి, బట్టల్లేకుండా చూస్తారా ఏమిటని అడిగాడు. తర్వాత హోల్బైన్ వేసిన బొమ్మల్ని చూసి రాయబారి నికొలస్ వాటన్ పోలికలు చక్కగా వచ్చాయని రాశాడు. ఇద్దర్నీ కళ్లారా చూసిన మనిషి రాసిన మాట అది. అన్నిటికంటే నాకు బలంగా అనిపించే సాక్ష్యం ఇదే.

మరి ఎక్కడ బెడిసింది? 1540 జనవరి 1న హెన్రీ మారువేషంలో రోచెస్టర్ వెళ్లి, చెప్పా పెట్టకుండా ఆమె గదిలోకి చొరబడి కౌగిలించుకోబోయాడు. భాష రాని ఆ అమ్మాయి, ఎవడో తెలియని నలభై ఎనిమిదేళ్ల భారీ మనిషిని చూసి ముఖం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఆమె తప్పేముంది ఇందులో? రాజు బయటికి వచ్చి అన్నది కూడా, మనుషులు చెప్పినట్టుగా ఈమెలో ఏమీ కనిపించడం లేదని. తప్పుబట్టింది చెప్పిన నోళ్లను, బొమ్మను కాదు. జనవరి 6న పెళ్లి, జూలైలో రద్దు. ఈ సంబంధం కుదిర్చిన రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ తల అదే నెలలో తెగింది, దానికి వేరే రాజకీయాలు కూడా ఉన్నాయి. హోల్బైన్‌కు ఏ శిక్షా పడలేదు.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. హోల్బైన్ మామూలుగా ముఖాన్ని కొంచెం పక్కకు తిప్పి వేస్తాడు. యాన్‌ను అలా కాక నేరుగా ఎదురుగా నిలబెట్టాడు. ముక్కు పొడుగున్న ఆడపిల్లల్ని నాన్నగారు కూడా కెమెరాకు నేరుగానే కూర్చోబెట్టేవారు. అక్కడ అబద్ధం లేదు, ఏ వైపు చూపించాలన్న ఎంపిక ఉంది. పైగా ఆ చిత్రంలో ముత్యాలు, జరీ పట్టీలు ఎంత శ్రద్ధగా వేశాడంటే చూపు ముఖం మీద నిలవడానికి కాస్త టైమ్ పడుతుంది.

యాన్ చిత్రం పారిస్ లూవ్ర్‌లో ఉంది. మీకు లండన్ రావడం కుదిరితే ముందు క్రిస్టినాను చూడండి. నల్లటి సంతాప వస్త్రాలు, వెనక నీలి ఆకుపచ్చ గోడ, నగ అంటే ఎర్ర రాయి ఉంగరం ఒక్కటే. ఒక చేతిలో తొడుగులు పట్టుకుని ఉంటుంది. ఆ చేతుల దగ్గర ఆగండి. ఆ సంబంధం కుదరలేదు, హెన్రీ మాత్రం ఆ బొమ్మను చనిపోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు.