కార్డులో పంతొమ్మిది

ప్రశ్న: మేడమ్, ఆదోని దగ్గర ఒక పల్లెలో హైస్కూల్ టీచర్‌ని. నిరుడు తొమ్మిదో తరగతి చదివిన ముగ్గురు ఆడపిల్లలు సుగ్గి (కోత పనులకు వలస వెళ్లడం) అయ్యాక బడికి రాలేదు, పెళ్లిళ్లయిపోయాయి. దసరా సెలవుల్లో వాళ్లలో ఒకమ్మాయి కనిపించింది. అయిదో నెలట. మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ సెల్‌ఫోన్ల వల్లే ఇదంతా అంటున్నారు. మన దగ్గర ఇది నిజంగా ఎక్కువగా ఉందా? నేనేం చేయగలను?

జవాబు: అమ్మా, నేను ముప్పై ఏళ్లు మీ చుట్టుపక్కల మండలాల్లోనే ఏఎన్ఎంగా, అంటే పల్లె నర్సుగా, తర్వాత సూపర్‌వైజర్‌గా తిరిగాను. మీరు రాసిన ఇళ్లు నాకు తెలిసిన ఇళ్లలాగే ఉన్నాయి.

ఎక్కువే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. దేశం మొత్తానికి అది 6.8. అంతకుముందు 2015-16లో దేశానిది 7.9, మనది 11.8. దేశంలో తగ్గింది, మన దగ్గర పెరిగింది.

సెల్‌ఫోన్ మాట మాత్రం నేను ఒప్పుకోను. అదే సర్వేలో మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతానికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. నేను చూసిన చిన్న వయసు గర్భాలు దాదాపు అన్నీ పెళ్లయ్యాక వచ్చినవే. మరి పెళ్లెందుకు? అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గి వెళ్లాలి. ఎదిగిన పిల్లను ముసలవ్వ దగ్గర వదిలితే టెన్షన్, వెంట తీసుకెళ్తే పొలం గట్టున గుడిసెలో ఇంకా టెన్షన్. మేనమామో మేనబావో ఉన్నాడంటే మూడు ముళ్లు వేయించి బయల్దేరతారు. అది భయం అమ్మా, దుర్మార్గం కాదు.

నేను రిటైరయ్యే ముందు ఏడాది ఒక పిల్ల అత్త వెంట వచ్చింది. వయసెంత అంటే అత్త "పంతొమ్మిది" అంది. తల్లీబిడ్డల కార్డులో అదే రాశాను. ఎర్ర ఐరన్ మాత్రలు చేతిలో పెడితే ఆ పిల్ల, "నీలంవి కాదా మేడమ్? బడిలో నీలంవి ఇచ్చేవారు" అంది. నీలం మాత్ర బడి పిల్లలకు వారానికొకటి ఇచ్చేది, ఎర్రది గర్భిణికి. అబద్ధం అక్కడే తెలిసిపోయింది. అయినా నేను కార్డు దిద్దలేదు. పద్దెనిమిది లోపు గర్భమంటే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసవుతుందని, మళ్లీ ఆసుపత్రికి తీసుకురారని భయపడ్డాను. తప్పు చేశాను. రిస్క్ కేసుగా చూడాల్సిన పిల్లను మామూలు వరసలో కూర్చోబెట్టాను.

మీరు ఆ తప్పు చేయకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. చట్టప్రకారం ఆ బాధ్యత మీకూ ఉంది. చెప్పి వదిలేయకుండా ఆ అమ్మాయి పక్కన ఉండండి. ఆశా కార్యకర్తకు అసలు వయసు తెలియాలి. నెలనెలా బీపీ, రక్తం చూడాలి. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 లోపుంటే ప్రమాదం. ముఖం వాచినా, తలనొప్పితో కళ్లు మసకబారినా 108కి ఫోన్ చేయాలి. ఇరవై లోపు తొలి కాన్పుల్లో గుర్రపు వాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం) భయం ఎక్కువ. చదువు సంగతి కాన్పయ్యాక చూద్దాం, ఓపెన్ స్కూల్లో పది రాయొచ్చు.

ఇంకొకటి. దసరాకు అయిదో నెలంటే కాన్పు మాఘమాసంలో పడుతుంది, సుగ్గి నడుమ. తొలి కాన్పుకు పుట్టింటికి వస్తుంది, పుట్టింటికి తాళం ఉంటుంది. వాళ్లమ్మను ఈ ఒక్క ఏడాది ఆగమని ఇప్పుడే అడగండి. మీ తొమ్మిదో తరగతిలో ఈ ఏడు సుగ్గి వెళ్లే ఇళ్ల ఆడపిల్లలు ఎవరెవరో రాసుకుని, కస్తూర్బా విద్యాలయంలోనో సీజనల్ హాస్టల్‌లోనో చోటు అడగండి. వాళ్లు మూటలు కట్టుకోకముందే ఈ పని జరగాలి.