నెలకు ఎనిమిది రోజుల ఆఫీసుకు బ్రాడ్‌బ్యాండ్ అవసరమా?

ప్రశ్న: మాది నర్సంపేట. కిరాణా, ఎరువుల దుకాణాలు, రెండు హోటళ్లు కలిపి 14 మందికి అకౌంట్స్ రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. వాళ్లలో ఎక్కువమంది హన్మకొండ వాళ్లే కాబట్టి సుబేదారిలో చిన్న గది అద్దెకు తీసుకున్నాను. అక్కడ కూర్చునేది నెలకు ఎనిమిది రోజులే. బ్రాడ్‌బ్యాండ్ వాళ్లు నెలకు 499 రూపాయలు, జీఎస్టీ అదనం, ఆరు నెలలది ముందే కట్టాలి, బిగించడానికి 1,000 అంటున్నారు. ఓనర్ నెలకు 300 ఇస్తే వాళ్ల వైఫై పాస్‌వర్డ్ ఇస్తామంటున్నారు. నా ఫోన్‌లో రోజుకు 2 జీబీ ప్లాన్ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: బ్రాడ్‌బ్యాండ్ ఇప్పుడే వద్దమ్మా. ఓనర్ వైఫై అసలే వద్దు. మీ ఫోన్, దానికి తోడు వేరే కంపెనీ సిమ్ ఒకటి ఉంటే చాలు.

ముందు లెక్క చూద్దాం. 499కి 18 శాతం జీఎస్టీ కలిపితే నెలకు దాదాపు 589 రూపాయలు. ఏడాదికి 7,066. బిగించే ఖర్చుతో మొదటి ఏడాది 8,066. మీరు గదిలో ఉండేది ఏడాదికి 96 రోజులు. అంటే కూర్చున్న ప్రతి రోజుకు నెట్ ఖర్చే 84 రూపాయలు పడుతుంది. మిగతా 269 రోజులు తాళం వేసిన గదిలో కనెక్షన్ ఉత్తగనే ఉంటుంది. మీ సొంత రాబడి 20 లక్షలు దాటక, మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ 18 శాతం వెనక్కి కూడా రాదు. ‘బిల్లు ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూపించుకోవచ్చు’ అని అమ్మేవాళ్లు చెప్తారు. రాబడిలో సగాన్ని లాభంగా చూపే పద్ధతిలో మీరు రిటర్ను వేస్తుంటే, ఈ బిల్లు వల్ల పన్ను ఒక్క రూపాయి కూడా తగ్గదు.

మీ పనికి నిజంగా ఎంత డేటా కావాలో కూడా చూడండి. జీఎస్టీ పోర్టల్ పని చాలా తేలిక. అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1 రిటర్నును, నెట్ లేకుండా పనిచేసే ఆఫ్‌లైన్ టూల్‌లో నర్సంపేటలో ఇంట్లోనే తయారు చేసుకుంటే, ఆఫీసులో అప్‌లోడ్ చేయాల్సింది చిన్న ఫైలే. డేటా తినేది వీడియో కాల్. గంటకు సుమారు ఒక జీబీ అనుకోండి. అంతకంటే పెద్ద దొంగ మన ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. హాట్‌స్పాట్‌కు కలపగానే విండోస్ అప్‌డేట్లు, ఫొటోల బ్యాకప్ మొదలై పొద్దున్నే 2 జీబీ అయిపోతుంది. వైఫై సెట్టింగ్స్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేస్తే చాలావరకు ఆగిపోతాయి. మీది 5జీ ఫోన్ అయి, గదిలో 5జీ సిగ్నల్ అందితే, కొన్ని కంపెనీల 2 జీబీ ప్లాన్లలో 5జీ డేటాకు రోజువారీ పరిమితి ఉండదు. మీ ప్లాన్‌లో అది ఉందేమో చూసుకోండి. హాట్‌స్పాట్ కంటే యూఎస్‌బీ టెథరింగ్ మేలు, అంటే ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి నెట్ వాడుకోవడం. లైన్ నిలకడగా ఉంటుంది, ఫోన్ కూడా ఛార్జ్ అవుతుంది. వానకు కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు పని సాగుతుంది. బ్రాడ్‌బ్యాండ్ రూటర్ అయితే కరెంటుతో పాటే ఆగిపోతుంది. దానికి మళ్లీ యూపీఎస్ కొనాలి.

మరి రెండో సిమ్ ఎందుకంటే, మీకు అసలు నష్టం వచ్చేది నెట్ బిల్లుతో కాదు, చివరి తేదీతో. పన్ను లెక్క చూపి కట్టే జీఎస్టీఆర్-3బీ రిటర్ను ఒక్క రోజు ఆలస్యమైతే పన్ను ఉన్న రిటర్నుకు రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు. 14 మందివీ ఆగిపోతే ఒక్క రోజుకే 700, మీ నెల బ్రాడ్‌బ్యాండ్ కంటే ఎక్కువ. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ వేరే. నెట్ లేక ఆగిపోయిందంటే ఆ డబ్బు క్లయింట్‌ను ఏ మొహంతో అడుగుతాం? ఒకే టవర్ మీద, లేదా ఒకే కేబుల్ మీద ఆధారపడితే ఈ టెన్షన్ పోదు. వేరే కంపెనీ సిమ్ ఉంటే ఒకటి మొరాయించినా ఇంకొకటి ఆదుకుంటుంది.

ఏ సిమ్ తీసుకోవాలన్నది ప్రకటనలు చూసి తేల్చుకోవద్దు. తెలిసినవాళ్ల ఫోన్లు అడిగి, మీ గదిలో కుర్చీ దగ్గరే, తలుపు మూసి, స్పీడ్ చూడండి. నెలనెలా వేసే జీఎస్టీఆర్-1కు చివరి తేదీ అయిన 11నో, 3బీకి చివరి తేదీ అయిన 20నో సాయంత్రం చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ స్పీడ్ ముఖ్యం. 2024 జూలైలో ప్రైవేట్ కంపెనీలు రేట్లు పెంచినప్పుడు బీఎస్ఎన్ఎల్ పెంచలేదు. మీ గదిలో దాని సిగ్నల్ బాగుంటే రెండో సిమ్‌గా అదే తీసుకోండి. దానికి నెల నెలా పెద్ద రీఛార్జ్ వద్దు, ఫైలింగ్ రోజులకు సరిపడా డేటా వేస్తే చాలు. కొన్ని డేటా ప్యాక్‌లు బేస్ ప్లాన్ (సిమ్‌కు అసలు రీఛార్జ్) ఉంటేనే పనిచేస్తాయి, ముందే అడగండి. 90 రోజులు అసలు వాడకపోతే సిమ్ కట్ చేసే అవకాశం ఉంది. నెలకోసారైనా వాడుతుండండి. 28 రోజుల ప్లాన్ అయితే ఏడాదికి 13 రీఛార్జ్‌లు అవుతాయి. బడ్జెట్ రాసుకునేటప్పుడు 12తో గుణించకండి.

అమ్మకాలు, కొనుగోళ్లు లేని నెలలో ఆ క్లయింట్ నిల్ రిటర్నుకు నెట్టే అక్కర్లేదు. పోర్టల్‌లో రిజిస్టరైన వాళ్ల ఫోన్ నుంచి 14409కి ఎస్ఎంఎస్ పంపి వేయొచ్చు.

ఓనర్ వైఫై గురించి గట్టిగానే చెప్తున్నాను. 14 మంది జీఎస్టీ పాస్‌వర్డ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ఆ వైఫై పాస్‌వర్డ్ ఇంకా ఎంతమంది కిరాయిదార్ల దగ్గరుందో మీకు తెలియదు. మీ పేరున బిల్లు రాదు. 19వ తేదీ రాత్రి వాళ్లు ఊరెళ్తూ స్విచ్ ఆపేస్తే అడిగే హక్కూ లేదు. ఓనర్ మంచివారే కావచ్చు, కానీ ఆ పాస్‌వర్డ్‌లు క్లయింట్లు మిమ్మల్ని నమ్మి ఇచ్చినవి.

నా సంగతి ఒకటి చెప్తాను. హన్మకొండలో మొదటి గది తీసుకున్నప్పుడు డిస్కౌంట్ చూసి ఏడాది నెట్ ప్లాన్ ఒకేసారి కట్టాను. ఐదో నెలలో గది మారాల్సి వచ్చింది. కొత్త వీధిలో ఆ కంపెనీ లైన్ లేదన్నారు, మిగిలిన నెలల డబ్బు తిరిగి ఇవ్వలేదు. అద్దె గదికి ముందస్తు ప్లాన్ అనగానే నాకు అదే గుర్తొస్తుంది.

రేపు మీరు ఒక అసిస్టెంట్‌ను పెట్టుకున్నా, నెలకు 15 రోజులు దాటి కూర్చున్నా, అప్పుడు బ్రాడ్‌బ్యాండ్ తీసుకోండి. అప్పుడు కూడా నెలనెలా కట్టే ప్లానే అడగండి, గది మారితే షిఫ్టింగ్‌కు ఎంత తీసుకుంటారో రసీదు మీద రాయించుకోండి. ఆ రోజు వచ్చినా రెండో సిమ్ మాత్రం తీసేయకండి.